ఏ స్టేజీకి?

తెల్లవారుజామున శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ గ్రౌండుకు వెళ్ళి నిలబడితే తిరుపతిలోని సుగరంతా కాళ్ళొచ్చి నడుస్తూ కనబడుతుంది. ఫోన్లో సుప్రభాతం పెట్టుకుని నడిచేవాళ్ళు, స్థలాల రేట్లు మాట్లాడుకుంటూ నడిచేవాళ్ళు, నాలుగడుగులు వేసి అరగంట రాజకీయం మాట్లాడేవాళ్ళు, వీళ్ళందరూ మీకు తెలిసినవాళ్ళే. వీళ్ళలో కలవనివాడు ఒకడు ప్రతి కుటుంబంలోనూ ఉంటాడు. వాకింగంటే వాడికి వెటకారం. జిమ్మంటే జాలి. కానీ పెళ్ళింట్లో బియ్యం బస్తా కనబడితే చాలు, చొక్కా చేతులు పైకి మడుస్తాడు. మా కుటుంబంలో ఆ ఉద్యోగం మా మేనమామది.

మామ ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఎక్కువకాలం మదనపల్లె రూటు. భాకరాపేట ఘాట్ మలుపుల్లో కడ్డీ పట్టుకోకుండా, చెనిక్కాయ మూటల మీదుగా కాళ్ళు చాపుకుంటూ, చంకలో తోలుసంచీతో ముందుకూ వెనక్కూ తిరిగిన మనిషి. రిటైరైన కొత్తల్లోనే సుగరు బయటపడింది. డాక్టరు నడవమన్నాడు. మామ యూనివర్సిటీ గ్రౌండులో వారం నడిచి, ఎనిమిదో రోజు మంచం దిగలేదు. ఎందుకు మామా అంటే ఆయన చెప్పిన కారణం ఇది.

"సర్వీసంతా బస్సెక్కినోళ్ళను ఒకటే అడిగినా, ఏ స్టేజీకి అని. ఆ మాట చెప్పలేనోడికి టిక్కెట్టు కొట్టేదెట్ల? ఈ గ్రౌండులో చుట్టూ తిరిగేవోళ్ళని అడిగి చూడు, ఏ స్టేజీకి పోతా ఉండారో. ఒక్కడు చెప్పలేడు."

కొడుకు ఊరుకోక జిమ్ములో ఏడాది ఫీజు కట్టాడు. అక్కడి కుర్రాడు ఓ యంత్రం ముందు కూర్చోబెట్టి పైనున్న కడ్డీని కిందికి లాగమన్నాడు. లాగితే ఏమొస్తుందని మామ అడిగాడు. వీపుకు షేపొస్తుంది సార్ అన్నాడు కుర్రాడు. "షేపొస్తే దాంతో ఏం జెయ్యాల?" ఆ ప్రశ్న జిమ్ము తెరిచినప్పటినుంచీ ఎవరూ వేసి ఉండరు. కుర్రాడు అద్దం వైపు చూశాడు. మామ కూడా అద్దం వైపు చూసి, అందులో తన పొట్ట తప్ప జవాబేమీ కనబడక, "బావిలో నీళ్ళు చేదినట్టే ఉండాదిరా, నీళ్ళే రావు" అని ఇంటికొచ్చేశాడు. మిగిలిన పదకొండు నెలల ఫీజు సంగతి కొడుకు ఈనాటికీ ఎత్తుతుంటాడు.

ఆ తర్వాత మామ సొంత సిద్ధాంతం కనిపెట్టాడు. ఒళ్ళు ఊరికే వంగదు. దానికి పని చూపించాలి. ఆ పనికి తేదీ ఉండాలి. తేదీ దగ్గరపడేకొద్దీ ఒళ్ళు దానంతటది లేస్తుంది.

తిరుపతిలో దేవస్థానం క్యాలెండరు వేలాడని గోడ లేదు. అందరూ అందులో ఏకాదశులూ రాహుకాలాలూ చూసుకుంటే మామ బరువులు రాసుకుంటాడు. 'గ్యాసు' అని ఒక గడిలో, 'బియ్యం' అని ఒక గడిలో. ఇంకో గడిలో 'హోసూరు వాళ్ళు, పెట్టెలు 4, ముసలామె 1' అని ఉంటుంది. తిరుపతిలో ఇల్లున్నవాడికి చుట్టాల కొరత ఉండదు కదా. ఎవరి మొక్కు ఎప్పుడు గుర్తొస్తుందో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి. వచ్చినవాళ్ళను స్టేషన్లో దించుకోవాలి, పెట్టెలు మొయ్యాలి, టోకెన్ల లైన్లో నిలబడాలి, గుండ్లు గీయించుకుని దిగొచ్చినవాళ్ళను మళ్ళీ రైలెక్కించాలి. ఊళ్ళో అందరూ దీన్ని ఖర్మ అనుకుంటారు. మామ సిలబస్ అనుకుంటాడు. హోసూరు ముసలామె రావడానికి పది రోజుల ముందునుంచే ఆయన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం మొదలుపెట్టాడు. ఆటోలోంచి ఆమెను దించేటప్పుడు నడుం పట్టేస్తే ఇద్దరు ముసలివాళ్ళను మొయ్యాల్సి వస్తుందని ఆయన లెక్క.

మామవాళ్ళది అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు. లిఫ్టుంది. దాన్ని ఆయన 'ఎక్స్‌ప్రెస్' అంటాడు. "నేను పల్లెవెలుగు. అన్ని స్టేజీల్లో ఆగుతా" అని మెట్లెక్కుతాడు. నిజంగానే ప్రతి మలుపులోనూ ఆగుతాడు. అక్కడ ఎవరి తలుపు తీసి ఉంటే వాళ్ళకు బియ్యం బస్తా కథ చెబుతాడు.

బియ్యం బస్తా కథ ఏమిటంటే, 2022 జులైలో ప్యాక్ చేసి అమ్మే బియ్యానికి 25 కిలోల దాకా 5 శాతం జీఎస్టీ వేశారు. వ్యాపారులు తెలివైనవాళ్ళు. 26 కిలోల బస్తాలు తెచ్చారు. పన్ను పోయింది, కిలో పెరిగింది. దీని గురించి జనం తలో రకంగా మాట్లాడుకున్నారు గానీ మామలాగా ఎవరూ మాట్లాడలేదు. "నా ట్రైనింగు సంగతి ఢిల్లీ దాకా పోయిందిరా. ఒక కిలో పెంచినారు." కొత్త బస్తా వచ్చిన రోజు దాన్ని భుజాన వేసుకుని పైకెక్కాడు. డబ్బాలో పొయ్యనివ్వకుండా మళ్ళీ కిందికి దించాడు. మళ్ళీ ఎక్కాడు. రెండోసారి దిగుతుండగా బస్తా కుట్టు ఊడి మెట్లనిండా సోనామసూరి. అత్త చాట పట్టుకుని ఒక్కో మెట్టూ ఊడ్చుకుంటూ పైకొచ్చింది. ఆ రోజు ఎక్కువ వంగిందెవరో నేను చెప్పను.

గ్యాసు సంగతి ఇంకా ముచ్చటైనది. ఇంటి సిలిండర్లో గ్యాసు 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే ముప్పైకి దగ్గర. మామ ఖాళీ సిలిండరుతో ప్రాక్టీసు చేస్తాడు. బుక్ చేసిన రోజునుంచి పొద్దునా సాయంత్రం దాన్ని హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి మోస్తాడు. కింది ఫ్లాటువాళ్ళు ఒకసారి పైకొచ్చి, ఇంట్లో ఏమన్నా పగలగొడుతున్నారా అని మర్యాదగా అడిగారు. తీరా అసలు రోజు నేను అక్కడే ఉన్నాను. మామ బనీను మీద తువ్వాలు బిగించి, మోకాళ్ళు ఆడిస్తూ గుమ్మంలో నిలబడ్డాడు. గ్యాసబ్బాయి, బక్కగా ఊదితే ఎగిరిపోయేటట్టున్నాడు, నిండు సిలిండరు భుజాన వేసుకుని, ఒక చేత్తో ఫోన్ మాట్లాడుతూ, రెండంతస్తులు ఎక్కొచ్చి వంటింట్లో దించి పుస్తకం ఇమ్మన్నాడు. మామ ఇంకా మోకాళ్ళు ఆడిస్తూనే ఉన్నాడు. "ఏం తింటావబ్బా నువ్వు?" అని అడిగాడు చివరికి. "పొద్దున సంగటి సార్. బిన్నా సంతకం పెట్టు సార్, ఇంకా ముప్పై ఇండ్లుండాయి" అన్నాడా అబ్బాయి.

ఆ రాత్రినుంచి మామ కూడా సంగటే. ఊరిబిండి వేసుకుని మూడు ముద్దలు లాగించి, ఇది డైటు అంటాడు.

నేను చేసిన పని ఒకటుంది. ఈయనకు లోకంలో తోడున్నారని చెప్పడం. ఫ్రాన్సులో జార్జ్ ఎబేర్ అని ఒక నౌకాదళ అధికారి ఉండేవాడు. 1902లో మార్టినిక్ దీవిలో పెలే అగ్నిపర్వతం బద్దలై సెయింట్ పియెర్ పట్నం బూడిదైనప్పుడు జనాన్ని కాపాడే పనిలో ఉన్నాడంటారు. ఆ తర్వాత ఆయన నడవడం, పరుగెత్తడం, దూకడం, ఎక్కడం, మొయ్యడం, విసరడం, ఈదడం, ఇట్లాంటి పనులతోనే ఒక వ్యాయామ పద్ధతి తయారుచేశాడు. పదిమందికి పనికిరావడానికే బలం అన్నది ఆయన పట్టు. ఇది విని మామ ముఖం వెలిగిపోయింది. "ఆయన మన డిపోనేరా!" అన్నాడు. ఆ పద్ధతిలో కాళ్ళూ చేతులూ నేలకానించి నాలుక్కాళ్ళ మీద నడవడం కూడా ఉందని నోరు జారాను. ఆ మర్నాటినుంచి మా ఇంటికొస్తే టీవీ రిమోటు దివాన్ కిందికి ఎప్పుడు పోతుందా అని చూస్తాడు. పోకపోతే ఆయనే తోస్తాడని మా పిల్లల అనుమానం.

రోజుకు పదివేల అడుగులన్న లెక్క 1965లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన అడుగుల మీటరు పేరుతో ప్రచారంలోకొచ్చిందని చెప్పినప్పుడైతే ఆనందం పట్టలేక తొడ చరిచాడు. "చూసినావా, స్టేజీ పెట్టింది కంపెనీవోడు!" వియ్యంకుడు చేతికి స్మార్ట్ వాచీ పెట్టుకుని తిరుగుతుంటాడు. ఆయనకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. వాళ్ళిద్దరికీ అప్పటికే మాటలు తక్కువ.

నేను చెప్పినవాటిలో అందరికీ ఎక్కువ చేటు చేసింది బ్రెజిల్ డాక్టరు సంగతి. క్లాడియో జిల్ అరౌజో అనే ఆయనా, ఆయన తోటివాళ్ళూ 2012లో ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. నేల మీద కూర్చోవాలి, లేవాలి. మొత్తం పది మార్కులు. చెయ్యో మోకాలో ఆనిస్తే ఒకటి పోతుంది, తూలితే అర పోతుంది. మార్కులు బాగా తగ్గినవాళ్ళు ఆ తర్వాతి ఏళ్ళలో ఎక్కువగా చనిపోయారని వాళ్ళు చూశారు. మామ దీన్ని పట్టుకున్నాడు. ఇంటికెవరొచ్చినా సోఫా చూపించడు. "కింద కూర్చో, చల్లగా ఉంటాది" అంటాడు. లేచేటప్పుడు మాత్రం మన మోకాళ్ళ వైపే చూస్తుంటాడు. మర్యాదకు పైకి ఏమనడు గానీ వేళ్ళు మడుస్తాడు. చంద్రగిరిలో ఒక పెళ్ళికి వెళ్తే కళ్యాణమండపంలో బల్లల మీద భోజనాలు పెట్టారు. ఆయనకు తిండి సయించలేదు. కిందపంక్తి ఉంటే రెండు వంశాల ఆయుష్షూ అక్కడికక్కడ తేలిపోయేదట. చివరికి పీటల మీదినుంచి లేచిన పెళ్ళికొడుకు తండ్రిని చూసి నా చెవిలో "ఏడున్నర" అన్నాడు. సరిగ్గా తాళి కట్టేటప్పుడు.

ఇంతకీ మామతో నేను పడ్డ పాట్లు ఇంకా చెప్పలేదు. అవి అలిపిరి దగ్గరివి.

అలిపిరినుంచి నడిచి కొండెక్కేవాళ్ళ సామాను దేవస్థానం వాళ్ళే తీసుకుని పైకి ఉచితంగా చేరుస్తారు. లోకంలో ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. మామ మా సంచులు ఇవ్వనివ్వలేదు. "సామాను ఇచ్చేసినాక ఎక్కేదెందుకు? బస్సే ఉండాది గదా" అన్నాడు. నా వీపున ఒకటి, చేతిలో ఒకటి. పాదాల మండపం దాటి తలయేరు గుండు దగ్గర ఆగాం. ఆ బండకు తలా మోకాళ్ళూ ఆనిస్తే నొప్పులు పోతాయని యాత్రికుల నమ్మకం. తరతరాల మోకాళ్ళు తగిలి అక్కడ గుంటలు పడ్డాయి. మామ భక్తిగా ఆనించి, "ఇది వార్మప్పురా, పెద్దోళ్ళకు అన్నీ తెలుసు" అన్నాడు. అక్కడినుంచి గాలిగోపురం దాకా ఎక్కుడే ఎక్కుడు. 3550 మెట్ల దారిలో సగానికి పైగా అక్కడికే అయిపోతాయి. నాకు ప్రాణాలు గాలిలో కలిసేటట్టున్నాయి. మామ మాత్రం చరిత్ర చెబుతున్నాడు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వేసిందాకా రాజైనా పేదైనా నడిచిపోవాల్సిందే, లేదంటే డోలీ ఎక్కాల్సిందే. "ఆ ఏడాదినుంచే మన జిల్లా మోకాళ్ళు చెడిపోయినాయి" అని తీర్పిచ్చాడు. మోకాళ్ళ మిట్ట వచ్చేసరికి ఒక సంచీ ఆయన తీసుకున్నాడు. జాలిపడి కాదు. తన బరువు చాలడం లేదని.

పైన 300 రూపాయల దర్శనం టిక్కెట్లు నేను ముందే తీసి ఉంచాను. అవి కూడా ఆయనకు నచ్చలేదు. సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లలో గంటలకొద్దీ కూర్చుని, గేటు తెరిచీ తెరవగానే పిల్లాజెల్లాతో సహా లేచి పరుగెత్తే ఆ జనంలో ఉన్న ఫిట్‌నెస్ దేశంలో ఇంకెక్కడా లేదని ఆయన నమ్మకం. "ఈ టిక్కెట్టుతో పోతే ప్రాక్టీసేం ఉంటాది?" అన్నాడు. దర్శనమైతే అవుతుంది కదా మామా అన్నాను. దానికి జవాబు చెప్పలేదు.

ఇంత తిట్టాక ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఒక ఏడాది బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రాత్రి మేం మాడవీధి గ్యాలరీలో ఉన్నాం. వాహనం రాగానే అందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. వెనకాల ఎవరో పిల్లవాడు కనబడటం లేదని ఏడుపందుకున్నాడు. ఏ ఊరో, ఎవరి బిడ్డో, మామ వెనక్కి తిరిగి వాణ్ణి ఎత్తి భుజాన కూర్చోబెట్టుకున్నాడు. వాహనం అంగుళం అంగుళంగా కదులుతోంది. హారతులకు ఆగుతోంది. మళ్ళీ కదులుతోంది. వాడు ఆయన జుట్టు పట్టుకుని గోవిందా గోవిందా అని అరుస్తున్నాడు. మలుపు తిరిగిందాకా మామ దించలేదు, తనేమీ చూడలేదు కూడా, పిల్లవాడి కాళ్ళు ఆయన ముఖానికి అడ్డం. నాకు గొంతు పట్టుకుంది. మర్నాడు వాళ్ళింటికెళ్తే క్యాలెండర్లో ఆ తేదీ గడిలో 'పిల్లోడు, 15 కేజీలు, ముందు చెప్పలేదు' అని రాసి టిక్కు పెట్టి ఉంది.

సుగరు కూడా తగ్గింది. ఆ ఘనత సిద్ధాంతానిదా సంగటిదా అన్నది ఇంట్లో తెగని తగువు.

ఇక అత్త. అత్తకు సిద్ధాంతం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళంతా వారానికి 150 నిమిషాలన్నా ఒళ్ళు కదల్చాలనీ, కనీసం రెండు రోజులు కండరాలకు పని పెట్టాలనీ చెప్పిందని మామ పేపర్లోంచి చదివి వినిపిస్తే, "వారానికి రెండు దినాలేనా? ఆడోళ్ళను లెక్కేసుకోలేదేమో" అని ఊరిబిండి రుబ్బుకుంటూ కూర్చుంది.

మామ ఒక ఏడాది మెట్ల పూజ చేస్తానని మొక్కుకున్నాడు. తెలియనివాళ్ళుండరు గానీ, అలిపిరినుంచి ప్రతి మెట్టుకూ వంగి పసుపూ కుంకుమా పెట్టుకుంటూ కొండెక్కడం. మూడువేల అయిదువందల వంగుళ్ళు. మామకు ఇంతకంటే పెద్ద స్టేజీ దొరకదు. పేజీలు తిప్పి చాలా ముందున్న ఒక శనివారానికి సున్నా చుట్టాడు. మొదటి వారం రోజుకు ముప్పై వంగుళ్ళు, రెండో వారం అరవై. ఖాళీ కుంకుమ భరిణె చేత్తో పట్టుకుని హాల్లో గచ్చుమీది గడుల మీద వంగి లేచేవాడు. నడుముకు బెల్టు కొన్నాడు. మోకాళ్ళకు తొడుగులు కొన్నాడు. ఎవరడిగినా ఇంకా ఎన్ని వారాలుందో చెప్పేవాడు.

ఆ శనివారానికి ఇంకా బోలెడు వారాలుండగా, ఒక సాయంత్రం పక్క ఫ్లాటావిడ తలుపు కొట్టి, "అక్కా, రేప్పొద్దున మేమంతా మెట్ల పూజకు పోతా ఉండాం, వస్తావా?" అని అడిగింది. అత్త పొయ్యి మీద పాలు చూసి, "వస్తా, ఉండు, పసుపు ఉండాదో లేదో చూస్తా" అంది. అంతే. తెల్లవారకముందే వెళ్ళింది. మర్నాడు లడ్డూల సంచితో బస్సు దిగి ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. మామ హాల్లో బెల్టుతో నిలబడి ఉన్నాడు.

"మోకాళ్ళు నొప్పిగా లేవా?" అని అడిగాడట.

"ఉండాయి. ఎప్పుడు లేవు?" అంది అత్త.

మామ ఆ రాత్రి నాకు ఫోన్ చేశాడు. గొంతు మామూలుగా లేదు. చాలా ఆలోచించి తేల్చుకున్నట్టు చెప్పాడు. "రేయ్, మీ అత్త పెండ్లయిన కాణ్ణుంచి ట్రైనింగులోనే ఉండాదిరా. నీళ్ళు మోసింది, పిల్లోళ్ళను మోసింది, మా అమ్మను మంచంలో మూడేండ్లు ఎత్తి కూర్చోబెట్టింది. నేను ఇప్పుడు చేరినా. సీనియారిటీ తేడా." ఫోను స్పీకరు మీదుందేమో, వెనకాల అత్త గొంతు వినబడింది.

"ట్రైనింగయితే ఎప్పుడో ఒకనాడు అయిపోవాల గదా నాయనా. నాకు పోస్టింగు ఎప్పుడంట, అడుగు."

మామ తన శనివారం మెట్ల పూజ చేశాడు. తొడుగులేసుకుని, బెల్టు పెట్టుకుని, పూర్తిగా చేశాడు, ఎగతాళి చెయ్యను. వచ్చి మూడు రోజులు పడుకున్నాడు. నాలుగో రోజున తాను ఇక అత్త దగ్గరే శిక్షణ తీసుకుంటానని, ఆమె చేసే పనులన్నీ ఒక్కొక్కటిగా నేర్చుకుంటానని ప్రకటించాడు. ఇంటిల్లిపాదీ కళ్ళు తుడుచుకున్నంత పనయింది. మొదటి పని రాత్రి భోజనాలయ్యాక బోకులు తోమడం. తేదీ కూడా వేశాడు.

నిన్న అత్తకు ఫోన్ చేసి, ఎట్లా ఉంది శిష్యుడి పని అని అడిగాను.

"బాగుండాది నాయనా. బోకులు నేనే తోముతా ఉండా. మీ మామది వచ్చే సోమవారం నుంచి. అంతదాకా దినానికి అర్ధగంట ఖాళీ సింకు ముందర నిలబడి అలవాటు జేసుకుంటా ఉండాడు. నేను పోయి తోముకోవాలంటే, రవంత ఉండు మే, ఇంకా పది నిమిషాలుండాది అంటాడు."